దేహంలో త్రివేణీ సంగమం

మనిషి ఆహారం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు జీవించగలడు. గాలి లేకుండా మాత్రం కొన్ని నిమిషాలకు మించి జీవించలేడు. తిన్న ఆహారంలో కొంత భాగాన్ని దేహం కొవ్వు రూపంలో దాచుకుంటుంది. ప్రాణవాయువును దాచుకొనే గాదె మాత్రం దేహంలో లేదు. అది ప్రతి క్షణం వెలుపలినుండి రావాలి. వచ్చినది ప్రతి కణానికీ చేరాలి. దానితోపాటు చొరబడే సూక్ష్మజీవులను ఎప్పటికప్పుడు నిలువరించాలి. వీటిలో మొదటిది శ్వాస వ్యవస్థ చేసే పని, రెండవది రక్తప్రసరణ వ్యవస్థ చేసే పని, మూడవది రోగనిరోధక వ్యవస్థ చేసే పని. గ్రంథాలలో ఇవి మూడు వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి. దేహంలో మాత్రం ఇవి ఒకే కార్యానికి మూడు ముఖాలు. ఒకదానికి కలిగిన హాని మిగిలిన రెండింటినీ తాకక మానదు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం చక్కని ఆధారం. 2016 అక్టోబరు 11న నిజామాబాదునుండి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో మంజీర నదిపై కట్టిన నిజాంసాగర్ ఉంది. ఆ జిల్లాలోని ఎన్నో ఇళ్ళలో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. రక్తం దేహమంతటా ఎలా ప్రవహిస్తుందో తెలుసుకోవడానికి నిజాంసాగర్ మంచి ఉపమానం. ఆ ప్రవాహం ఎలా చెడుతుందో తెలుసుకోవడానికి బీడీల చాట ప్రత్యక్ష నిదర్శనం.

సాగర్ కాలువలు – రక్తనాళాలు

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశిస్తుంది. ఎల్లారెడ్డికి అనతిదూరంలో ఆ నదికి అడ్డంగా 1923 – 1931 సంవత్సరాల మధ్య నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. ఆ నిర్మాణానికి సూత్రధారి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. సాగర్ నీరు మొదట ప్రధాన కాలువలోకి, దానినుండి ఉపకాలువలలోకి, వాటినుండి పిల్లకాలువలలోకి, చివరకు బాన్సువాడ, బోధన్ ప్రాంతాల వరిమళ్ళలోకి చేరుతుంది. ప్రధాన కాలువ ఎంత వెడల్పైనదైనా వరిమొక్క వేరును తడిపేది మాత్రం మడి గట్టున పారే సన్నని బోదె.

దేహంలోని ఏర్పాటు కూడా ఇటువంటిదే. గుండెనుండి బయలుదేరే బృహద్ధమని ప్రధాన కాలువ. దానినుండి ధమనులు, ధమనులనుండి ధమనికలు, వాటినుండి వెంట్రుకకంటె సన్నని రక్తకేశనాళికలు చీలుతాయి. ఈ కేశనాళికల గోడ ఒకే ఒక కణం మందం కలిగి ఉంటుంది. అందువల్లనే ఆక్సిజన్, పోషక పదార్థాలు రక్తంనుండి కణాలకు, కార్బన్ డై ఆక్సైడ్, ఇతర వ్యర్థాలు కణాలనుండి రక్తానికి సులభంగా మారగలుగుతాయి. గుండె ఎంత బలంగా కొట్టుకున్నా, కణాన్ని పోషించే అసలు కార్యం జరిగేది ఈ సన్నని నాళికలలోనే.

అయితే ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది. పొలంలోకి పారిన నీరు తిరిగి సాగర్‌కు రాదు. కొంత నేలలో ఇంకుతుంది, కొంత పైరు తాగుతుంది, కొంత ఆవిరవుతుంది. దేహంలోని రక్తం కూడా ఇలాగే ఖర్చైపోతుందని ఐరోపా వైద్యులు దాదాపు పద్నాలుగు శతాబ్దాలపాటు విశ్వసించారు. తిన్న ఆహారంనుండి కాలేయం నిత్యం కొత్త రక్తాన్ని తయారు చేస్తుందని, అవయవాలు దానిని వినియోగించుకుంటాయని క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన గాలెన్ బోధించాడు. ఈ నమ్మకాన్ని తలకిందులు చేసినవాడు ఆంగ్లేయ వైద్యుడు విలియం హార్వే. 1628లో ప్రకటించిన గ్రంథంలో ఆయన ప్రయోగించిన ప్రధానాస్త్రం ఒక చిన్న లెక్క.

నేటి అంకెలతో ఆ లెక్కను ఇలా చెప్పవచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వయోజనుని గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. ప్రతి స్పందనలో సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు, రోజుకు 7 వేల లీటర్లకు పైగా. ఏ మనిషీ రోజుకు అంత ఆహారం తినలేడు. ఏ కాలేయమూ అంత రక్తాన్ని సృష్టించలేదు. దేహంలో ఉండే మొత్తం రక్తమే సుమారు 5 లీటర్లు. కనుక ఆ 5 లీటర్లే మళ్ళీ మళ్ళీ చుట్టి రావాలి. హార్వే నిర్ణయం ఇదే. అయితే ధమనులలోని రక్తం సిరలలోకి ఏ దారిన చేరుతుందో ఆయనకు కనిపించలేదు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీఘి సూక్ష్మదర్శిని సాయంతో కప్ప ఊపిరితిత్తులలో కేశనాళికలను చూసి ఆ కొరత తీర్చాడు.

రక్తం చుట్టే చుట్లు రెండు. గుండెలో నాలుగు గదులు ఉన్నాయి. పైన ఉన్నవి కర్ణికలు, కింద ఉన్నవి జఠరికలు. కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకొని అది ఎడమ కర్ణికకు తిరిగి వస్తుంది. ఇది చిన్న చుట్టు. ఎడమ జఠరిక ఆ రక్తాన్ని దేహమంతటికీ పంపుతుంది. అక్కడినుండి అది సిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. ఇది పెద్ద చుట్టు. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటె మందంగా ఉండడానికి కారణం దాని బాధ్యత పెద్దది కావడమే. గదుల నడుమ ఉండే కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయి. వైద్యుడు స్టెతస్కోపుతో వినే చప్పుడు ఆ కవాటాలు మూసుకొనేటప్పుడు పుట్టేదే.

లోకంలో మంచి రక్తం, చెడు రక్తం అనే మాటలు వాడుకలో ఉన్నాయి. నిజానికి చెడు రక్తం అనేది ఏదీ లేదు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రక్తం, తక్కువగా ఉన్న రక్తం అని మాత్రమే భేదం. ఒకే రక్తం గడియకు ఎన్నోసార్లు ఈ రెండు స్థితులనూ పొందుతుంది.

ఊపిరి ప్రయాణం

భాషలో దాగిన ఒక విశేషాన్ని ఇక్కడ గమనించవలసి ఉంది. ధమని అనే సంస్కృత శబ్దం ‘ఊదు’ అనే అర్థం గల ధాతువునుండి పుట్టింది. గ్రీకుల దృష్టిలో కూడా ధమనులు గాలి గొట్టాలే. మరణించిన దేహంలో ధమనులు చాలావరకు ఖాళీగా కనిపించడం వల్ల వాటిలో గాలి సంచరిస్తుందని కొందరు ప్రాచీన గ్రీకు వైద్యులు భావించారు. ధమనులలో ఉండేది రక్తమేనని తరువాత గాలెన్ నిరూపించాడు. అయినా ఆ పాత భావన పూర్తిగా అసత్యం కాదు. ధమనిలో ప్రవహించే రక్తం గాలిలోని ఆక్సిజన్‌ను మోస్తూనే ఉంటుంది. నెత్తురు, ఊపిరి వేరువేరు కావని శబ్దమే చెబుతున్నట్లున్నది.

ముక్కు ద్వారా ప్రవేశించిన గాలి అక్కడ వెచ్చబడి, తేమను పొంది, వాయునాళంలోకి దిగుతుంది. ఆ నాళం రెండు శ్వాసనాళాలుగా, అవి మరెన్నో శ్వాసనాళికలుగా చీలి, చివర ద్రాక్షగుత్తులవంటి వాయుగోణులతో అంతమవుతాయి. రెండు ఊపిరితిత్తులలో ఇటువంటి వాయుగోణులు 30 కోట్లకు పైగా ఉంటాయి. వాటన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల స్థలాన్ని ఆక్రమిస్తాయి. పిడికెడు చోటులో అంత వైశాల్యాన్ని అమర్చడంలోనే ప్రకృతి నేర్పు ఉంది. ప్రతి వాయుగోణి చుట్టూ కేశనాళికలు వలవలె అల్లుకొని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర అత్యంత పలుచన. ఆ పొర గుండా ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి మారుతాయి. పీల్చే గాలిలో 21 శాతంగా ఉన్న ఆక్సిజన్ విడిచే గాలిలో సుమారు 16 శాతానికి తగ్గుతుంది, 0.04 శాతంగా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 4 శాతానికి పెరుగుతుంది.

ఊపిరితిత్తులకు స్వయంగా కదిలే శక్తి లేదు. వాటి కింద ఉండే విభాజక పటలం కిందికి దిగినప్పుడు, పక్కటెముకలు పైకి లేచినప్పుడు ఛాతీ విశాలమై గాలి లోపలికి వస్తుంది. ఈ కదలికను మెదడు నియంత్రిస్తుంది. రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగిన వెంటనే ఊపిరి వేగాన్ని పెంచమని అది ఆజ్ఞాపిస్తుంది. పరుగెత్తినవాడు రొప్పడానికి కారణం ఇదే.

రక్తంలో చేరిన ఆక్సిజన్‌ను మోసేది ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్. ఇనుము కలిగిన ఈ మాంసకృత్తు ఒక్కొక్క అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను పట్టుకోగలదు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎముకల మూలుగ నిత్యం కొత్త కణాలను తయారు చేయాలంటే ఆహారంలో ఇనుము ఉండాలి. 2019 – 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 – 49 ఏండ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. ఊపిరితిత్తులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, మోసే బండ్లు చాలకపోతే సరుకు ఊరికి చేరదు.

దేహదుర్గానికి కావలి

గాలి తెచ్చేది ఆక్సిజన్‌ను మాత్రమే కాదు. ధూళి, బాక్టీరియా, వైరస్‌లు కూడా దానితో వస్తాయి. కామారెడ్డికి సమీపంలోని దోమకొండ కోటను చూసినవారికి కోట రక్షణ అంటే కేవలం గోడ కాదని తెలుస్తుంది. వెలుపల ప్రాకారం, ద్వారం వద్ద కావలి, లోపల సైన్యం అనే క్రమం ఏ కోటకైనా తప్పనిది. దేహంలో కూడా ఇదే క్రమం ఉన్నది.

చర్మం ప్రాకారం. ముక్కులోని వెంట్రుకలు, శ్వాసమార్గాన్ని పూసిన జిగురు ద్వారపాలకులు. ఆ జిగురు ధూళిని, క్రిములను అంటించుకుంటుంది. శ్వాసమార్గం గోడపై ఉండే శైలికలనే అతి సూక్ష్మమైన వెంట్రుకలు ఒకే లయలో కదులుతూ ఆ జిగురును గొంతువైపు నెడతాయి. ఈ ఊడ్పు రాత్రింబవళ్ళు ఆగదు. దీనిని దాటి వాయుగోణులవరకు చేరిన క్రిములను అక్కడ కాపుండే భక్షక కణాలు మింగివేస్తాయి. ఈ కణాలు ప్రతి శత్రువునూ ఒకే తీరుగా ఎదిరిస్తాయి. ఇది పుట్టుకతో వచ్చిన రక్షణ.

రెండవ శ్రేణిలో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఇవి శత్రువును గుర్తుపట్టి పోరాడతాయి. వీటిలో బి-కణాలనుండి తయారయ్యే ప్రతిదేహాలు ఒక్కొక్క క్రిమికి సరిపోయే తాళంచెవులవంటివి. అవి క్రిమిని అంటుకొని దానిని నిర్వీర్యం చేస్తాయి. టి-కణాలలో కొన్ని వైరస్ సోకిన కణాలను నాశనం చేస్తాయి, మరికొన్ని మొత్తం యుద్ధాన్ని నడిపిస్తాయి. ఈ సైన్యం ప్రయాణించే దారులు రక్తనాళాలు, శోషరస నాళాలు. దాని శిబిరాలు ప్లీహం, లింఫు కణుపులు. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ళలు కట్టడం అక్కడ యుద్ధం సాగుతున్నదనడానికి గుర్తు.

యుద్ధం ముగిసిన తరువాత కొన్ని లింఫోసైట్లు జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే అవి ఆలస్యం లేకుండా విజృంభిస్తాయి. టీకా చేసే పని, వ్యాధి రాకముందే ఈ జ్ఞాపకాన్ని కల్పించడం. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమసూచిని వాడి మశూచిని నిరోధించే మార్గం చూపాడు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించింది. 2021 జనవరిలో మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు వాడిన రెండింటిలో ఒకటైన కోవాగ్జిన్ హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసినదే.

రోగనిరోధక శక్తి మహిమను తెలిపే మరొక ఉదాహరణ కామారెడ్డినుండి నిజామాబాదుకు వెళ్ళే దారిలో ఉన్నది. అది డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాల. స్కాట్లాండ్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915 ప్రాంతంలో దానికి శ్రీకారం చుట్టారు. కుష్ఠు రోగిని తాకితే చాలు వ్యాధి వస్తుందనే భయంతో సమాజం ఎందరినో ఊరి వెలుపలికి తరిమింది. వాస్తవానికి నూటికి 95 మందికి పైగా మనుషులలో ఆ బాక్టీరియాను ఎదిరించే శక్తి సహజంగానే ఉంది. దేహం చేస్తున్న రక్షణను గుర్తించని అజ్ఞానం మనుషులను మనుషులనుండి వేరు చేసింది.

ఒక చాట – మూడు వ్యవస్థలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల స్త్రీలకు బీడీల పని ఏండ్ల తరబడి ఆధారంగా ఉంటూ వచ్చింది. వానలు లేని ఏడు పొలం పని దొరకకపోయినా, ఇంటి మగవారు గల్ఫు దేశాలకు వలస పోయినా, ఇల్లు గడిచింది బీడీల పైసలతోనే. తునికాకును నానబెట్టి, కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, కొస మడిచి, దారం కట్టి రోజంతా చేసే ఈ శ్రమ తక్కువది కాదు. ఆ శ్రమను గుర్తించి 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మిక మహిళలకు జీవనభృతిని ప్రారంభించింది. అయితే ఈ పనిలో కూలి డబ్బుతో పూడని నష్టం ఒకటి ఉంది.

తంబాకు ధూళి చాటనుండి లేచి ఇంటి గాలిలో కలుస్తుంది. చుట్టే స్త్రీ దానిని పీలుస్తుంది. పక్కన ఆడుకొనే పిల్లలూ పీలుస్తారు. నికోటిన్ వేళ్ళ చర్మం గుండా కూడా రక్తంలోకి చేరుతుంది. అంటే బీడీ కాల్చనివారికి సైతం తంబాకు సోకుతుంది. ధూళి శ్వాసమార్గాన్ని ఒరిపి దగ్గును, ఆయాసాన్ని కలిగిస్తుంది.

ఆ బీడీని కాల్చేవారి స్థితి ఇంకా ప్రమాదకరం. తునికాకు గుండా గాలి సులభంగా చొరదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే తరచుగా, బలంగా పీల్చాలి. అందువల్ల బీడీ చిన్నదైనా సిగరెట్టుకంటె ఎక్కువ నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతాయి. బీడీ ఆకుతో చుట్టినది కనుక హాని తక్కువ అనే నమ్మకం కేవలం భ్రమ.

ఈ పొగ మూడు వ్యవస్థలను ఎలా కలిపి కూల్చుతుందో క్రమంగా చూడవచ్చు. మొదట అది శైలికల కదలికను మందగింపజేస్తుంది. ఊడ్పు ఆగిన ఇంటిలో చెత్త పేరుకున్నట్లు శ్వాసమార్గంలో కఫం పేరుకుంటుంది. దానిని తొలగించడానికి దేహానికి మిగిలిన ఉపాయం దగ్గు ఒక్కటే. కాలక్రమంలో వాయుగోణుల గోడలు చిరిగిపోతాయి. ఒకసారి పోయిన వాయుగోణులు తిరిగి రావు.

రెండవది రక్తానికి జరిగే హాని. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కంటె కార్బన్ మోనాక్సైడ్‌తో ఉండే ఆకర్షణ 200 రెట్లకు పైగా ఎక్కువ. ఆక్సిజన్‌కు దక్కవలసిన చోటును ఆ వాయువు ఆక్రమిస్తుంది. అసలే రక్తహీనత ఉన్న వ్యక్తికి ఇది రెండింతల దెబ్బ. మరొకవైపు పొగలోని రసాయనాలు ధమనుల లోపొరను గాయపరుస్తాయి. అక్కడ కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. పూడిక చేరి నిజాంసాగర్ నిలువ సామర్థ్యం తగ్గిన సంగతి ఈ ప్రాంతపు రైతులకు తెలిసినదే. సాగర్‌లో పూడిక చేరితే పంట తగ్గుతుంది. గుండెకు రక్తం అందించే ధమనిలో పూడిక చేరితే ప్రాణమే పోతుంది.

మూడవది రక్షణకు జరిగే హాని. వాయుగోణులలోని భక్షక కణాలను పొగ బలహీనపరుస్తుంది. క్షయ బాక్టీరియాను బంధించి ఉంచేవి ముఖ్యంగా ఆ కణాలే. క్షయ క్రిమి సోకిన వారిలో నూటికి 90 మంది జీవితాంతం వ్యాధి బారిన పడకుండా ఉండడానికి కారణం ఈ కావలే. కావలివారు నీరసించినప్పుడు బందీలు తప్పించుకుంటారు. పొగ తాగేవారికి క్షయ ముప్పు తాగనివారికంటె దాదాపు రెండింతలు కావడంలోని రహస్యం ఇదే.

శ్వాసమార్గంలో మొదలైన హాని రక్తంలోకి, రక్తంనుండి రక్షణలోకి ఎలా పాకిందో దీనివల్ల స్పష్టమవుతుంది. 2020లో వ్యాపించిన కోవిడ్ కూడా ఇదే పాఠాన్ని చెప్పింది. ఊపిరితిత్తులలో ప్రవేశించిన వైరస్ కొందరిలో రక్తనాళాలలో గడ్డలను కలిగించింది. మరికొందరిలో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత కణజాలాన్నే గాయపరిచింది.

నివారణ మార్గం

హాని ఎలా పాకుతుందో మేలు కూడా అలాగే పాకుతుంది. పొగ మానిన ఒకటి రెండు రోజులలోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సాధారణ స్థాయికి దిగుతుంది. కొన్ని నెలలలో శైలికలు తిరిగి తమ పని చేయసాగుతాయి. ఒక సంవత్సరానికి గుండెజబ్బుల అదనపు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

బీడీలు చుట్టే ఇళ్ళలో పనిని ఒక్కసారిగా మానమని చెప్పడం సులభం, ఆ కూలి లేకుండా ఇల్లు గడవడం కష్టం. కాబట్టి పని సాగినంతకాలం పాటించగల జాగ్రత్తలను తెలుసుకోవడం అవసరం. గాలి, వెలుతురు వచ్చే చోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, తంబాకును వంటచోటికీ పిల్లలు పడుకొనే చోటికీ దూరంగా ఉంచడం, పని ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కొని తరువాతనే అన్నం ముట్టడం, పిల్లలను ఎత్తుకోవడం వంటివి డబ్బు ఖర్చు లేని పనులు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. క్షయకు పరీక్ష, మందులు అక్కడ ఉచితం. నీరసం, ఆయాసం ఉంటే అది పని అలసట అని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. పిల్లలకు వేళకు టీకాలు వేయించాలి.

మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా అక్కడే కలవడం వల్ల ఆ చోటును త్రివేణీ సంగమమని వ్యవహరిస్తారు. సంగమం తరువాత ఏ నీరు ఏ నదిదో వేరు చేసి చెప్పడం ఎవరి తరమూ కాదు. దేహంలో కూడా ఊపిరి, నెత్తురు, రక్షణ అనే మూడు ప్రవాహాలు అంతగా కలిసిపోయి ఉన్నాయి. ఆ మూడింటికీ మొదటి వాకిలి పీల్చే గాలి. తల్లి ఒడిలోని చాట పక్కన కూర్చొని చదువుకున్న విద్యార్థులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. తాము నేర్చిన శాస్త్రాన్ని ఇంటికి తీసుకుపోయి, మూసిన కిటికీని తెరిపించడం వారు చేయగల మొదటి ప్రయోగం.